నేను పాడైపోలేదు

నేను ఒక బీపీ మిషన్ని. పొట్టలో బ్యాటరీలు వేసుకుని కుయ్యి కుయ్యిమనే ఇప్పటి రకం కాదు. మూత ఎత్తితే నిటారుగా నిలబడే గాజు గొట్టం, అందులో పాదరసం, పక్కన అంకెల గీతలు, చేతికి చుట్టే గుడ్డపట్టీ, నొక్కడానికి నల్లటి రబ్బరు బుడ్డి ఉన్న పాత రకాన్ని. ప్రస్తుతం నా కాపురం నరసాపురంలో ఒక ఆసుపత్రి మెట్ల కింద కొట్టుగదిలో. నా మీద ఒరిగిన సెలైన్ స్టాండు, నా పక్కన కాలు విరిగిన కుర్చీ. నా మూత మీద ఎవరో తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో 'పాడైంది' అని రాశారు. అది అబద్ధం. ఆ మంటతోనే ఈ కథ చెబుతున్నాను కనుక, మధ్యలో గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక ఇరుకు కార్ఖానాలో. నా పెట్టె రేకు ఒకరు వంచారు, నా పట్టీ ఇంకొకరు కుట్టారు. నాకు ప్రాణం పోసింది మాత్రం ఒక ముసలాయన. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని పాదరసం బొట్టు బొట్టుగా పోసేవాడు. అది సున్నా గీతను తాకి నిలిచేదాకా ఊపిరి కూడా మెల్లగా పీల్చేవాడు. తర్వాత గోడకున్న పెద్ద గొట్టంతో నన్ను జోడించి, ఎక్కించి, దించి, దానికీ నాకూ ఎక్కడైనా తేడా ఉందేమోనని తెగ వెతికాడు. ఏమీ దొరకలేదు. 'ఠీక్' అని నన్ను పక్కకు జరిపి ఇంకో గొట్టం అందుకున్నాడు. జన్మలో నాకు దక్కిన మొదటి మెప్పు అది.

అక్కడి నుంచి రైలెక్కి గోదావరి దాటి డాక్టర్ దయామణిగారి చేతుల్లో పడ్డాను. అదృష్టమంటే అదే. ఆవిడ అప్పుడే ఆసుపత్రి తెరిచారు. పొద్దున్నే రాగానే రోగుల ముఖాలకన్నా ముందు నా ముఖం చూసేవారు. మూత ఎత్తి, పాదరసం సున్నా దగ్గర ఉందో లేదో వంగి చూసి, 'సరే, ఇక పిలవండి' అనేవారు. బల్ల మీద నన్ను వంకరగా పెడితే కాంపౌండరుకి చీవాట్లే. 'దాని కళ్లలో కళ్లు పెట్టి చూడాలి, నుంచుని పైనుంచి చూస్తే దాని మాట నీకెలా తెలుస్తుంది?' అనేవారు.

మనుషులను నేను చూసినంతగా బహుశా మీరు చూసి ఉండరు. ఉప్పు మానేశానని ప్రమాణం చేసి చేయి చాపేవాళ్లు. ఆ చేతి వేళ్లకు ఎండుచేప వాసన. తనకు బీపీ రావడానికి కారణం పెళ్లామని భర్త, మొగుడని భార్య. ముగ్గురికీ చూస్తే వెంట వచ్చిన అత్తగారికే ఎక్కువ ఉండేది. ఎవరు ఎన్ని కబుర్లు చెప్పినా నేను నా అంకె నేను చెప్పేదాన్ని. అందుకు నన్ను తిట్టినవాళ్లూ ఉన్నారు. దయామణిగారు నవ్వి, 'ఇది అబద్ధం చెప్పదమ్మా. చెప్పేది మనమే' అని మందు రాసేవారు.

ఇక గణపతి సంగతి. నా బాధంతా అక్కడే ఉంది.

చదువు పూర్తి చేసుకుని ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు డాక్టర్ గణపతి. మనిషి మంచివాడు, కంగారు మాత్రం ఎక్కువ. ఒకనాడు కొబ్బరికాయలు దింపే ఒక మనిషిని నలుగురు మోసుకొచ్చారు. చెట్టు మీద కందిరీగల పట్టు కదిలింది. కిందికి ఎలాగో దిగాడు గానీ ముఖం ఉబ్బిపోయి, ఊపిరి ఈల వేస్తోంది. గణపతి నా పట్టీ అతని చేతికి చుట్టి బుడ్డి నొక్కాడు. స్టెతస్కోపులో చప్పుడేమీ వినపడలేదు. 'మేడమ్, మిషన్ పనిచేయట్లేదు' అని అరిచాడు.

దయామణిగారు అప్పటికే అడ్రినలిన్ మందు సిరంజిలోకి లాగుతున్నారు. అతని తొడ పక్కన కండలోకి గుచ్చి, కాళ్లు ఎత్తుగా పెట్టించి, సెలైన్ వదలమన్నారు. ఆ తర్వాత గణపతి వైపు తిరిగారు.

"మిషన్ మీద అనుమానమొస్తే ముందు నీ చేతికి కట్టుకుని చూడు."

చుట్టుకున్నాడు. అతని గుండె నా పాదరసాన్ని టక టకా ఆడించింది.

"పలికిందా?"

"పలికింది మేడమ్."

"మరి నీ దగ్గర పలికి అతని దగ్గర పలకలేదంటే అర్థమేంటి? బీపీ లేదని అది మొత్తుకుంటోంది. నువ్వేమో దాన్ని మూగదంటున్నావు. ఒకటి గుర్తుంచుకో గణపతీ. ఇవాళ ముఖం ఉబ్బింది కనక అలర్జీ అని తెలిసిపోయింది. ఒక్కోసారి ఒంటి మీద మచ్చ కూడా రాదు. వాంతి చేసుకుని, తల తిరిగి, పడిపోతారు. అప్పుడూ మందు ఇదే. గుండెకేమవుతుందో అని భయపడి దీన్ని ట్రేలో దాచుకున్నావంటే మనిషిని పోగొట్టుకుంటావు."

కాసేపటికి ఆ దింపు మనిషి కళ్లు తెరిచి తన కత్తి ఎక్కడ పడిపోయిందని అడిగాడు. గణపతి నవ్వబోయి ఏడ్చేశాడు. ఆ రోజు వెళ్తూ వెళ్తూ నా మూత మీద చేత్తో తట్టాడు, పశువును నిమిరినట్టు. ఆనాటి నుంచి రోజూ వెళ్లేటప్పుడు అలా తట్టడం అలవాటైంది. ఆ అలవాటును నేను ప్రేమ అనుకున్నాను. మిషన్ని కదా, బుద్ధి తక్కువ.

ఏళ్లు గడిచాయి. దయామణిగారికి మోకాళ్లు మొరాయించాయి. ఆసుపత్రి గణపతికి ఇచ్చేసి పక్క వీధిలోని ఇంట్లో కూర్చున్నారు. వెళ్లే రోజున నన్ను రెండు చేతులతో ఎత్తి అతని చేతుల్లో పెట్టారు. "ఆసుపత్రి నీకిచ్చాను. దీన్ని మాత్రం నీకు అప్పగిస్తున్నాను" అన్నారు. అతను నన్ను గుండెకు ఆనించుకున్నాడు. అబద్ధం చెప్పను, ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉండింది.

అలాంటి ఆసుపత్రికి ఒక మధ్యాహ్నం వరాలు వచ్చింది. లేసు అల్లుకునే మనిషి. నరసాపురంలో ఆ పని చేసే ఆడవాళ్లందరిలాగే చేతి సంచిలో దారపు ఉండ, కొక్కెం సూది వెంటే తెచ్చుకుంది. కాలికి మేకు దిగి పాదం ఎర్రగా వాచింది, జ్వరం కూడా ఉంది. పక్కన మొగుడు తాతాజీ, పడవల రేవులో పనిచేస్తాడు. వరుసలో కూర్చున్నంతసేపూ ఆమె లేసు అల్లుతూనే ఉంది. పువ్వు సగంలో ఉండగా పిలుపొచ్చింది.

వాపుకి యాంటీబయాటిక్ ఇవ్వబోయే ముందు చేతి మీద చర్మం కింద ఓ చుక్క వేసి చూశారు. దీన్నే వీళ్లు టెస్టు డోసు అంటారు. కాసేపు ఆగినా దద్దు రాలేదు. టెస్టు డోసులో గెలిచిన మనిషికి ఇక అలర్జీ రాదని ఈ ఆసుపత్రిలో అందరికీ ఒక గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే నర్సు సువార్త నరానికి అసలు ఇంజక్షను ఇచ్చింది.

దూది తీసేలోపే వరాలు రెండు అరిచేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకోవడం మొదలుపెట్టింది.

"చేతులు దురదెడతన్నాయండి. కడుపులో ఏదో తిప్పేత్తందండి."

"సూదంటే భయం సార్ ఈవిడికి. ఇందాకటి నుంచీ కళ్లు మూసుకునే ఉంది" అంది సువార్త.

వరాలు భళ్లున వాంతి చేసుకుంది. తాతాజీ వీపు నిమురుతుంటే అతని చొక్కా పట్టుకుంది. "ఏవయ్యా, నేను పోతానేమోనయ్యా" అంది. ఆ గొంతులో భయం సూదికి సంబంధించింది కాదు. నా ముందు ఎందరో కూర్చున్నారు, ఆ తేడా నాకు తెలుసు. దయామణిగారైతే ఆ మాటకే కుర్చీలోంచి లేచేవారు.

గణపతి లేచాడు, నిజమే. ఆమె చేతులూ మెడా వీపూ చూశాడు. "అలర్జీ అయితే దద్దుర్లు వచ్చేవి. ఒక్క మచ్చ లేదు. టెస్టు డోసు కూడా వేశాం. ఏమ్మా, పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా లేదా?" అన్నాడు. తినలేదంది. అందరికీ కారణం దొరికిపోయింది. కాఫీ తెప్పించమన్నాడు. వాంతి ఆగాలని కుర్చీలోనే నిటారుగా కూర్చోబెట్టారు. బీపీ చూడమన్నాడు.

సువార్త నన్ను ముందుకు లాగి పట్టీ చుట్టింది. పాదరసం పైకెక్కింది, దిగడం మొదలైంది. మామూలుగా మనిషి నాడి తగలగానే నా పాదరసం సన్నగా ఎగిరెగిరి పడుతుంది. ఈసారి అలాంటిదేమీ లేదు. దిగుతూ, దిగుతూ, దాదాపు అడుగుకు వచ్చాక ఒక చిన్న కదలిక తగిలింది, అంతే. ఆ చేతిలో రక్తం పారుతున్న జాడే లేదు. నాకు నోరుంటే ఆసుపత్రి పైకప్పు ఎగిరిపోయేలా అరిచి ఉండేదాన్ని.

"మిషన్ పలకట్లేదు సార్" అంది సువార్త.

గణపతి తనే చూశాడు. స్టెతస్కోపు తీసి విదిలించి మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ నొక్కాడు. చప్పుడు లేదు. అప్పుడు నా వైపు చూశాడు. ఆ క్షణం నాకు చాలా ఆశ కలిగింది. కందిరీగల రోజు గుర్తొస్తుందని, పట్టీ విప్పి తన చేతికి చుట్టుకుంటాడని, ఆమెను పడుకోబెట్టి కాళ్లు ఎత్తుతాడని. అడ్రినలిన్ ఎక్కడో లేదు, నా పక్కన ట్రేలోనే ఉంది. అతని మోచేతికి తగిలేంత దగ్గర.

అతను నా పెట్టెను అరచేత్తో చరిచాడు. "ఎక్కడో గాలి కారుతోంది. ముసల్దైపోయింది. వార్డులో డిజిటల్ మిషన్ పట్రా" అన్నాడు.

అది వచ్చింది. చుట్టారు. గుర్రుమంది, ఆగింది, అంకెకు బదులు 'ఎర్రర్' అని చూపించింది. పాపం అది కూడా నిజమే చెప్పింది. నేను చెప్పిన మాటే తనకొచ్చిన భాషలో చెప్పింది. "బ్యాటరీలు వీకైపోయాయి" అన్నాడు గణపతి. తాతాజీ వైపు తిరిగి, "ఏమయ్యా, ఎదురు కొట్లో బ్యాటరీలు ఉంటాయి, పరిగెత్తుకెళ్లి పట్రా" అన్నాడు.

"ఇప్పుడే వచ్చేత్తానండి డాట్రుగారూ" అని తాతాజీ పరిగెత్తాడు. చొక్కా వదలని పెళ్లాం వేళ్లను తనే మెల్లగా విడిపించుకుని పరిగెత్తాడు. అది నేను చూశాను.

అతను అటు వెళ్లగానే వరాలు కడుపు పట్టుకుని దొడ్డికి వెళ్లాలంది. సువార్త రెక్క పట్టి నిలబెట్టింది. రెండడుగులు కూడా వేయలేదు, అక్కడే కూలిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి ఈల వేసింది. అప్పుడు గణపతికి అర్థమైంది. నేను అతని ముఖమే చూస్తున్నాను కనుక సరిగ్గా ఎప్పుడు అర్థమైందో నాకు తెలుసు. కానీ అర్థమైనవాడు కూడా ముందు అందుకున్నది స్టెరాయిడ్ ఇంజక్షను. దాని పని అది చేయడానికి చాలాసేపు పడుతుంది. ఇక్కడ అంత వ్యవధి ఎవరికుంది? ఆమె నాడి పూర్తిగా పోయాక అడ్రినలిన్ తీశాడు. తొడలో గుచ్చాడు. ఛాతీ మీద నొక్కాడు. చెమటలు కారేలా, ఏడుస్తూ నొక్కాడు. ఆ కష్టంలో లోపం లేదు. ఆలస్యంలోనే ఉంది.

తాతాజీ బ్యాటరీలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "తెచ్చేనండి" అన్నాడు.

తర్వాత బయట జనం చేరారు. గదిలో తాతాజీ నేల మీద కూర్చుని, "ఇందాక బానే ఉంది కదండీ, ఏవైందండీ?" అని అడిగిందే అడిగాడు. గణపతి కళ్లు గదంతా తిరిగి తిరిగి నా దగ్గర ఆగాయి. నాకు ఆ చూపు అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు అతని నోటి నుంచి మాట వచ్చేసింది.

"బీపీ మిషన్ చెడిపోయిందయ్యా. టైముకి బీపీ తెలియలేదు. తెలిసి ఉంటే కాపాడేవాళ్లం."

ఇన్నేళ్లు నా మూత మీద తట్టిన మనిషి! ఒక్క వాక్యంలో నన్ను దోషిని చేసి బోనెక్కించాడు. నోరు లేని దాని మీద నేరం మోపడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది.

కబురు విని దయామణిగారు చేతికర్ర పట్టుకుని నడిచి వచ్చారు. గది ఖాళీ అయ్యాక అతని ఎదురుగా కూర్చుని అడిగారు.

"గణపతీ, నీ చేతికి కట్టుకుని చూశావా?"

నా పాదరసమంతా బిగుసుకుపోయింది. ఇక్కడైనా చెబుతాడనుకున్నాను. ఆవిడ ముందు ఎవరూ అబద్ధం చెప్పలేరనుకున్నాను.

"చూశాను మేడమ్. పలకలేదు."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. తర్వాత నా మూత మీద చేయి వేశారు. "అయితే నా దగ్గరే చెడి ఉంటుంది. చూసుకోకుండా నీకు అప్పగించాను. ఆ పిల్ల ఉసురు నాకే తగులుతుంది" అన్నారు. అతను 'లేదు మేడమ్' అని కూడా అనలేదు. ఆవిడ ఆ బరువును మోసుకుంటూ కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయారు. నన్ను నమ్మలేదని ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ నమ్మింది తన శిష్యుణ్ణి. మోసపోయింది మేమిద్దరం.

మర్నాడు నాకు ప్లాస్టర్ అంటించి కొట్టుగదిలో పడేశారు. గోడకు అటుపక్క గణపతి రోగులను చూసే గదే. మూత వేసినా మాటలన్నీ వినిపిస్తాయి. అదొక శిక్ష.

ఒక ఆదివారం ఉదయం ఆసుపత్రికి సెలవు. కొట్టుగది తలుపు తెరుచుకుంది. గణపతి ఒక్కడే వచ్చాడు. సెలైన్ స్టాండు పక్కకు తీసి, నన్ను ఒళ్లో పెట్టుకుని, ఆ విరిగిన కుర్చీ అంచున కూర్చున్నాడు. మూత ఎత్తాడు. పట్టీ తన చేతికి చుట్టుకున్నాడు. బుడ్డి నొక్కాడు.

నా సత్తువంతా కూడగట్టుకుని పలికాను. అతని గుండె దడదడలాడుతోంది, నా పాదరసం గీత గీతకూ ఎగిరిపడుతూ దిగింది. అంతా వదిలేశాక మళ్లీ ఎక్కించాడు. మళ్లీ అదే మాట చెప్పాను. మూడోసారి చేతులు రాలేదు అతనికి. మూత దించి దాని మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. వెచ్చటి తడి ప్లాస్టర్ మీద పడింది. ఇక లేస్తాడు, తిన్నగా పక్క వీధికి వెళ్తాడు, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పేస్తాడు, అక్కణ్నుంచి తాతాజీ ఇంటికి వెళ్తాడు అనుకున్నాను. నేను క్షమించేశాను కూడా.

అతను లేచాడు. తడికి ప్లాస్టర్ అంచు ఊడి వస్తోంది. దాన్ని బొటనవేలితో అదిమి, గట్టిగా రుద్ది, మళ్లీ అతికించాడు. నన్ను కింద పెట్టి తలుపు గడియ వేసి వెళ్లాడు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఆ తర్వాత రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయి ఏదో మాత్ర వేసుకుని, వాంతి చేసుకుని, కళ్లు తేలేస్తూ వచ్చింది. ఒంటి మీద మచ్చ లేదట. గోడ అవతల నుంచి గణపతి గొంతు విన్నాను. "పడుకోబెట్టండి. కాళ్లు ఎత్తండి. లేవనివ్వకండి. అడ్రినలిన్ ఇటివ్వు, తొడలోకి. బీపీ తర్వాత చూద్దాం." క్షణం తడబడలేదు. ఆ అమ్మాయి బతికింది. వరాలు నేర్పిన పాఠం అది, ఆమె పేరు మాత్రం ఎవరూ తలవలేదు. సువార్త సంబరంగా అన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "కొత్త మిషన్ వచ్చిన వేళ మంచిది సార్!" దానికి అతను అవునన్నాడు.

నిన్న తాతాజీ వచ్చాడు. చాలా కాలానికి ఆ గొంతు విన్నాను, పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. వాళ్లమ్మకు కళ్లు తిరుగుతున్నాయని తీసుకొచ్చాడట. గణపతి కూర్చోమన్నాడు. పట్టీ చుడుతున్న చప్పుడు వినిపించింది.

"డాట్రుగారూ, ఒక మాట అడగనాండి?" అన్నాడు తాతాజీ. "ఆ రోజు కొట్లో మనుషులున్నారండి, నేను వరసలో నిలబడ్డానండి. అందర్నీ తోసుకుని బ్యాటరీలు ఇంకాస్త తొందరగా తెచ్చుంటే, అది బతికేదాండీ?"

గోడకు ఇవతల నేను, అవతల ఆ ప్రశ్న. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నారు, దుమ్ము రాలుతోంది. గణపతి గొంతు సవరించుకున్నాడు.

"అదంతా ఇప్పుడెందుకయ్యా. మిషన్ పాడైంది, అంతే. నువ్వేం చేస్తావు?"

"అంతేనంటారా" అన్నాడు తాతాజీ. జేబు తడుముకున్న చప్పుడు. "ఇవి ఉంచండి. మీ కొత్త మిషన్లో ఉన్నాయో లేవోనని వచ్చేటప్పుడే కొని తెచ్చేనండి. ఇప్పుడు ఏ ఆసుపత్రికెళ్లినా తీసుకెళ్తన్నానండి."

బల్ల మీద బ్యాటరీలు దొర్లాయి. వద్దంటాడని ఎదురుచూశాను. ఇప్పుడైనా ఆ చేయి పట్టుకుని ఆపుతాడని, బ్యాటరీల వల్ల కాదయ్యా, నా వల్ల అంటాడని ఎదురుచూశాను.

సొరుగు తెరుచుకుంది. బ్యాటరీలు లోపల పడ్డాయి. సొరుగు మూసుకుంది.

"మంచిది తాతాజీ" అన్నాడు గణపతి. "అమ్మా, చెయ్యి కాస్త వదులుగా పెట్టు."